ఏనుగు చెవిలో తీగ

ఏనుగుని అమ్మేశానని కొడుకు మధ్యాహ్నం భోజనం దగ్గర చెప్పాడు. అదీ నోట్లో ముద్ద పెట్టుకుని, సగం మాట మింగేస్తూ.

పెద్దావిడకి ఆ మింగిన సగం కూడా వినబడింది. వర్క్‌షాపులో మిషన్లన్నీ ఒక్కసారిగా అరుస్తున్నా, వాటిలో ఏ బేరింగు మూలుగుతోందో చెప్పగల చెవులు ఆవిడవి.

"మళ్ళీ అను."

"శుక్రవారం లారీ వస్తుందమ్మా."

"లారీ గురించి అడగలేదు. దానికి ముందు ఏదో అన్నావు. అది అను."

కొడుకు గ్లాసెత్తి నీళ్ళు తాగాడు. నీళ్ళు అయిపోయినా గ్లాసు దించలేదు. అందులో తల పట్టే చోటుంటే దాక్కునేవాడే.

"ఏనుగుని అమ్మేశానమ్మా."

ఏనుగంటే అడవిలోది కాదు. ఇంటి వెనక వర్క్‌షాపులో సగం చోటు ఆక్రమించి నిలబడ్డ పాత మిల్లింగ్ మిషను, ప్రోగ్రాము ఇస్తే దాని ప్రకారం లోహాన్ని చెక్కేది. బూడిద రంగు, గోడంత ఒళ్ళు, ముందుకి తొండంలా దిగి గిర్రున తిరిగే స్పిండిల్. ఎన్నో ఏళ్ళ కిందట, మూతపడ్డ ఒక ఫ్యాక్టరీ ఆవరణలో అది వానకి తడుస్తుంటే పెద్దావిడ చూసింది. అప్పటికి భర్త పోయాడు. కొడుకు ఇంకా బడికి వెళ్తున్నాడు. చేతిలో మిగిలింది భర్త నేర్పిన పని ఒక్కటే. తుక్కు కింద పోవాల్సినదాన్ని తెచ్చి నడిపిస్తానంటే నవ్వనివాడు పాపాత్ముడు. ఆవిడ నవ్వేవాళ్ళని నవ్వనిచ్చింది. మిషను పట్టాలమీద నీలిరంగు పుయ్యడం, ఎక్కడెక్కడ ఎత్తుగా ఉందో చూసి ఉలితో గీకడం, మళ్ళీ పుయ్యడం, మళ్ళీ గీకడం. ఆ చలికాలమంతా అదే పని. ఎండలు ముదిరేసరికి ఏనుగు లేచి నిలబడింది. అప్పటినుంచీ వెంట్రుకవాసి తేడా ఉన్న వస్తువేదీ ఆ షాపు గడప దాటలేదు. అందుకే చుట్టుపక్కల షాపులవాళ్ళు ఆవిడని ఎదురుగా 'అమ్మగారూ' అంటారు, వెనకాల 'వెంట్రుకవాసి' అంటారు. ఆవిడకి రెండోదే ఎక్కువ ఇష్టం.

"ఎందుకమ్మావని అడగవా?" గ్లాసు దించి కొడుకే అన్నాడు.

"చెప్పు. చెవులు తెరిచే ఉన్నాయి."

"పంపుల కంపెనీవాళ్ళు ఇంపెల్లర్ నమూనా చెయ్యమంటున్నారు. అదేనమ్మా, పంపు లోపల నీళ్ళని తోసే చక్రం. దాని రెక్కలన్నీ వంపులే. ఆ వంపులు చెక్కాలంటే ప్రోగ్రాము చాంతాడంత ఉంటుంది. ఏనుగు బుర్రలో మూరెడు కూడా పట్టదు. నన్నేం చెయ్యమంటావు? జీవితమంతా బోల్టులూ బుష్షులూ చేసుకుంటూ కూర్చుందామా?"

అందులో అబద్ధం లేదు. ఏనుగంత ఒళ్ళు, చీమంత బుర్ర. ఆ సంగతి అందరికంటే బాగా పెద్దావిడకే తెలుసు. అందుకే ఆవిడ నోరు లేవలేదు.

లేచింది కోడలి గొంతు.

"చాంతాడంతా ఒకేసారి మింగించాలా ఏంటి?"

ముగ్గురూ అటు తిరిగారు. మూడోవాడు పెద్దావిడ తమ్ముడు. లోహాన్ని తిప్పుతూ చెక్కే లేతు మీద పనంతా అతనిదే. భోజనం, టీ, కబుర్లు కూడా ఈ ఇంట్లోనే.

"మూర మూర చొప్పున అందిద్దాం," అంది కోడలు. "ప్రోగ్రాము కంప్యూటర్లో ఉంటుంది. అది ఒక మాట చెబుతుంది. ఏనుగు ఆ పని చేస్తుంది, మాట మర్చిపోతుంది. తర్వాత ఇంకో మాట. దానికి బుర్ర అక్కర్లేదు, చెవి ఉంటే చాలు. వెనకవైపు కిందని చిన్న మూత ఉంది చూశారా? దాని లోపల సీరియల్ పోర్టు ఉంది. అదే దాని చెవి."

పెద్దావిడ కోడల్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఆ పిల్ల ఈ ఇంటికి వచ్చి ఏడాది దాటింది. పెళ్ళికి ముందు లారీలు తూచే కాటాలకి కంప్యూటర్లు తగిలించే పని చేసేది. ఇక్కడికి వచ్చాక ముందుగదిలో కూర్చుని బిల్లులు కొడుతోంది. వర్క్‌షాపులోకి వచ్చినా చేతులు వెనక్కి కట్టుకునే నడుస్తుంది. అత్తగారు ముట్టుకోమనలేదు, కోడలు అడగలేదు. ఇద్దరి మధ్యా గొడవల్లేవు. గొడవపడేంత మాటలే లేవు.

"ఆ మూత నువ్వెప్పుడు చూశావు?"

"వచ్చిన కొత్తలోనే చూశానత్తయ్యా. తుడుస్తున్నప్పుడు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

"మీరు అడగలేదు కదా."

తమ్ముడు పొలమారినట్టు దగ్గాడు. అది నవ్వని అందరికీ తెలుసు.

కొడుకు చెయ్యి కడుక్కుని వచ్చాడు. "సరే, చూడండి. లారీ వచ్చే రోజుకి నమూనా ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, తెగిందనుకో, ఆ లారీని ఖాళీగా పంపేస్తా. కొన్న వ్యాపారి తిట్లు నేను తింటా. తెగకపోతే మాత్రం..."

"తెగకపోతే తాళ్ళు నేనే కట్టి ఎక్కిస్తా," అంది పెద్దావిడ. "నా ఏనుగు గౌరవంగా వెళ్తుంది. నువ్వు చెయ్యి వెయ్యక్కర్లేదు."

ఆ మాట అనేశాక ఆవిడ ఇంకో ముద్ద ఎత్తలేదు. అయినా అన్నమాట అన్నట్టే ఉంచింది.

*

మర్నాడు కోడలు టంకం పెట్టె తెచ్చుకుని ఏనుగు వెనక చతికిలబడింది. మూత మరలు తుప్పు పట్టి ఉన్నాయి. నూనె వేసి, కాసేపు ఆగి, మెల్లిగా తిప్పింది. పెద్దావిడ తన బల్ల దగ్గర ఏదో కొలుస్తున్నట్టు నటిస్తూ అటే చూసింది. మర తల చెడకుండా తీసినవాళ్ళని ఆవిడ తక్కువమందిని చూసింది. మైక్రోమీటరు తుడిచి పెట్టెలో పెట్టింది.

లోపల, దుమ్ము కింద, పిన్నులు మెరుస్తూ ఉన్నాయి.

"ఇన్నేళ్ళూ దీనితో ఎవరూ మాట్లాడలేదన్నమాట," అంది కోడలు తనలో తాను.

తమ్ముడు లేతు ఆపి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. భుజంమీద ఎప్పటిలాగే తువ్వాలు. "ఏమ్మా, అటు మూడు తీగలు, ఇటు మూడు తీగలు. ఎదురెదురుగా కలిపేస్తే పోలా? అడ్డంగా దాటిస్తావేం?"

"అడ్డంగానే దాటించాలి బాబాయ్‌గారూ. ఇది కంప్యూటరు నోరు. ఇది ఏనుగు చెవి. ఈ నోరు ఆ చెవికి కట్టాలి, ఆ నోరు ఈ చెవికి కట్టాలి. నోటికి నోరు కడితే ఇద్దరూ అరుస్తారు, ఎవరికీ వినబడదు."

"ఓహో! అయితే మన ఇంట్లో అందరికీ నోటికి నోరే కట్టారన్నమాట!"

"నీ తువ్వాలు," అంది పెద్దావిడ దూరంనుంచే.

అతను నాలిక కరుచుకుని తువ్వాలు తీసి జేబులో కుక్కుకున్నాడు.

ఆ షాపు తలుపు పక్కన ఒక బోర్డు ఉంది. 'ఈ షాపులో వేలాడేది ఏదీ ఉండకూడదు.' పెద్దావిడ స్వయంగా రంగుతో రాసింది. తువ్వాలు, చున్నీ, పైట కొంగు, గొలుసు, వైరు, ఏదైనా సరే. ఒకప్పుడు లేతు పక్కన వదులుగా వేలాడిన వైరు ఒకటి తమ్ముడి చొక్కా చేతిని లాగింది. చెయ్యి దక్కింది, చిటికెనవేలు సగం దక్కలేదు. "నాకు తొమ్మిదిన్నర వేళ్ళు, నాతో పెట్టుకోకండి" అని అతను జోకులేస్తాడు. అక్క మాత్రం ఆ జోకుకి ఎప్పుడూ నవ్వలేదు. అప్పటినుంచీ ఆ షాపులో ప్రతి వైరూ గోడవెంట రేకు ట్రేలో, బిగించి కట్టి, గీత గీసినట్టు వెళ్తుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు మిషన్లకంటే ముందు వైర్లనే మెచ్చుకుంటారు.

సాయంత్రానికి కేబుల్ తయారైంది. ముందుగదిలో కంప్యూటరు నుంచి బయల్దేరి, తలుపు పైగా, కప్పు దూలం మీదుగా వచ్చి ఏనుగు వెనక్కి దిగింది. కోడలు కంప్యూటరు అక్షరాలు పంపే వేగం, ఏనుగు వినే వేగం సరిచూసింది. ఒకటే ఉండాలట. ప్రతి అక్షరం వెనకా కంప్యూటరు ఒక సాక్షిని కూడా పంపుతుందట. దారిలో అక్షరం చెడితే సాక్షి లెక్క తప్పుతుంది, ఏనుగు ఠక్కున ఆగిపోతుంది. తప్పుడు మాట విని తప్పుడు పని చెయ్యదు.

"మొండిది," అన్నాడు కొడుకు.

"నిజాయితీ గలది," అంది పెద్దావిడ.

కోడలు కంప్యూటరు మీట నొక్కింది. ఏనుగు మొహాన ఉన్న ఆకుపచ్చ తెరమీద, ఎన్నేళ్ళుగానో చేత్తో కొడితే తప్ప పడని అక్షరాలు, వాటంతటవి ఒక వరస పడ్డాయి. తర్వాత ఇంకో వరస. తమ్ముడు ఈల వేశాడు. పెద్దావిడ తెరకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. అంతే. కోడలు కూడా పొగడ్త కోసం చూడలేదు. టంకం కడ్డీ చల్లారిందో లేదో చూసుకుని పెట్టె సర్దుకుంది.

అందరూ ఇంట్లోకి వెళ్ళాక పెద్దావిడ లైట్లు ఆర్పబోయి ఆగింది.

దూలం మీంచి ఆ కేబుల్ వదులుగా, బద్ధకంగా, బట్టలారేసుకునే తాడులా వేలాడుతోంది.

పనితనం ఉంది పిల్లలో, కానీ ముగింపు లేదు, అనుకుంది. రేపు ఎవరైనా వస్తే ఏమంటారు? వెంట్రుకవాసి షాపులో కొత్త కోడలు దండెం కట్టిందంటారు. ఆ పిల్లనే అంటారు. ఆ ఆలోచన ఆవిడకి నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో ఆరా తియ్యకుండా నిచ్చెన తెచ్చింది. కేబుల్ దింపి, గోడవెంట రేకు ట్రేలో, ఏనుగు మోటారుకి వెళ్ళే లావుపాటి కరెంటు తీగల సరసన పడుకోబెట్టింది. జానెడుకో ప్లాస్టిక్ టై వేసి బిగించింది. టైల తోకలన్నీ ఒకే పొడుగుకి కత్తిరించింది. కిందికి దిగి చూసుకుంది. కన్నుల పండగలా ఉంది.

పొద్దున్నే కోడలు వచ్చి తలెత్తి చూసింది. దూలం మీద కేబుల్ లేదు. ట్రే దగ్గరికి వెళ్ళి ఆ టైల మీద వేలితో ఒక్కొక్కటే తడుముకుంటూ నడిచింది. ఒకచోట ఆగింది. ఏదో అడగబోయినట్టు వెనక్కి తిరిగింది.

"చూడ్డానికి బాగుందా?" అంది పెద్దావిడ.

కోడలి మొహం ఎర్రబడింది. "చాలా బాగుందత్తయ్యా."

లోహాన్ని కోసే కట్టరు లేకుండా, స్పిండిల్ తిప్పకుండా, ఉత్తగాలిలో ఏనుగుని నడిపి చూశారు. పనిలేకుండా స్పిండిల్ తిప్పడం ఆ షాపులో తప్పు. ఏనుగు గాలిలో వంపులన్నీ తిరిగింది. ఒక్కచోట కూడా తడబడలేదు.

*

శుక్రవారం లారీ అనుకున్నదానికంటే ముందే వచ్చింది. వెనకే క్రేను. దానిముందు, పల్లకీ దిగి వస్తున్నట్టు తాపీగా, పాత మిషన్ల వ్యాపారి.

"నమస్కారం అమ్మగారూ! నా ఏనుగు బాగుందా?"

"ఎవరి ఏనుగు?"

"అబ్బాయి మాటిచ్చాడుగా!" అతను ఏనుగు చుట్టూ తిరిగి, సంతలో గొడ్డుని చరిచినట్టు దాని పక్కమీద చరిచాడు. "ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు."

"రాబందుకి కూడా అంతేనండీ," అన్నాడు తమ్ముడు లేతు వెనకనుంచి. "బతికినా చచ్చినా దాని కడుపు నిండాల్సిందే."

వ్యాపారి పగలబడి నవ్వి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చెడ్డవాడేం కాదు. తొందరున్నవాడు, అంతే.

అప్పుడే కొడుకు పంపుల కంపెనీ నుంచి రెండు అల్యూమినియం దిమ్మలు తెచ్చాడు. నమూనాకి ఇచ్చింది ఆ రెండే. పెద్దావిడ మొదటి దిమ్మని బిగించింది. కట్టరు ఎక్కించింది. చేత్తో ఒకసారి తిప్పి చూసి, కోడలి వైపు తల ఊపింది.

స్పిండిల్ తిరిగింది. కట్టరు లోహంలోకి దిగింది. వేడి చల్లార్చే తెల్లటి కూలెంటు నీళ్ళలో వెండి రజను ఎగిరింది. తెరమీద వరసలు పారుతున్నాయి. మొదటి రెక్క వంపు, నదిగట్టులా, మెల్లిగా బయటపడుతోంది. కొడుకు నోరు తెరుచుకుంది.

ఠక్.

నెత్తిమీద ఎర్రదీపం వెలిగింది. ఏనుగు నిలబడిపోయింది. స్పిండిల్ మాత్రం ఉన్నచోటే తిరుగుతోంది. ఆ లేత వంపు మీద కట్టరు గుండ్రంగా ఒక మచ్చ తొలిచేసింది. పెద్దావిడ ఒక్క గెంతులో మీట నొక్కింది. ఆలస్యమైంది.

"ఒకటి పోయింది," అన్నాడు వ్యాపారి, జాలిగానే.

కోడలు వేగం తగ్గించింది. మెల్లిగా చెబితే వింటుందేమో అని అదే పాడైన దిమ్మ మీద మళ్ళీ నడిపించారు. ఠక్. ఇంకా తగ్గించింది. ఠక్. టంకాలన్నీ మీటరు పెట్టి చూసింది, అన్నీ గట్టిగా ఉన్నాయి. మొదట్నుంచీ మళ్ళీ. ఠక్. ఆ పిల్ల నుదుటిమీద చెమట పట్టింది. కొడుకు గడియారం చూసుకోకుండా ఉండడానికి చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. బయట క్రేను ఇంజను స్టార్టయింది.

"అమ్మగారూ, ముసలిదాన్ని ఇంకా హింసించడం ఎందుకండీ? తాళ్ళు తెప్పించనా?"

పెద్దావిడ కళ్ళు మూసుకుని నిలబడింది. ఆవిడ వింటోంది. "మళ్ళీ నడుపు," అంది.

నడిపారు. స్పిండిల్ ఉత్తగా తిరిగినంతసేపూ ఏనుగు చెప్పినట్టు కదిలింది. కట్టరు లోహంలోకి దిగి, మోటారు దమ్ము పట్టి 'హుమ్' అన్న క్షణాన... ఠక్.

"మోటారు మూలిగినప్పుడల్లా ఆగుతోంది," అంది పెద్దావిడ కళ్ళు తెరిచి. "ఆ తెరమీద ఏమంటోంది?"

"సాక్షి తప్పాడంటోంది. దారిలో అక్షరాలు చెడుతున్నాయి."

"దారిలో ఎవరు చెడగొడతారు?"

కోడలి కళ్ళు ఒక్క క్షణం గోడ మీది రేకు ట్రే వైపు వెళ్ళి, చటుక్కున వెనక్కి వచ్చేశాయి. మరొకరైతే గమనించేవారు కాదు. కానీ అక్కడున్నది వెంట్రుకవాసి.

"అక్కడేముంది?"

"ఏం లేదత్తయ్యా."

"అమ్మాయ్, నా షాపులో లారీ నిలబడి ఉంది. మర్యాదలు తర్వాత చేసుకుందాం. అక్కడేముంది?"

కోడలు తలవంచుకుంది. "మోటారు తీగల్లో అంత కరెంటు పారుతుంటే పక్కన ఉన్న సన్నతీగకి ఆ హోరు అంటుకుంటుంది. గుసగుసగా రహస్యం చెబుతుంటే పక్కన బాజాలు వాయించినట్టు. అందుకే నేను దూలం మీంచి వేశాను, దూరంగా ఉంటుందని."

వ్యాపారి కాలు ఊపడం ఆపాడు.

"అయితే కట్టింది చూసిన రోజే నీకు తెలుసా?"

"అనుమానం వచ్చింది."

"మరి నోరు విప్పలేదేం?"

"ఎలా చెప్పనత్తయ్యా?" ఆ పిల్ల ట్రే వైపు చెయ్యి చూపించింది. "నేను వచ్చాక, నా పని మీద మీరు చెయ్యి వెయ్యడం అదే మొదటిసారి. ఎంత ముద్దుగా కట్టారు! తోకలన్నీ సమానంగా కత్తిరించి మరీ. విప్పెయ్యండి అని ఏ నోటితో అనను? గాలిలో బాగానే నడిచింది కదా, అదృష్టం బాగుంటే ఇలాగే నడుస్తుందిలే అనుకున్నా."

పెద్దావిడ ట్రే వైపు చూసింది. గీత గీసినట్టున్న తన పనితనం. ఏనుగు గొంతు నొక్కింది అదే. ఎవరో కాదు, తన చేతులే, అందంగా, జానెడుకో ముడి చొప్పున.

బయటివాడు ఒకడు కుర్చీ వేసుకుని చూస్తున్నాడు. కొడుకు చూస్తున్నాడు. తమ్ముడు చూస్తున్నాడు. ఈ షాపులో ఆవిడ చేసిన పని ఆవిడే విప్పిన రోజు ఇంతవరకూ రాలేదు.

"కట్టింగ్ ప్లేయరు ఇటివ్వరా," అంది తమ్ముడితో.

నిచ్చెన ఎక్కింది. టక్. మొదటి టై తెగి కింద పడింది. టక్. రెండోది. వ్యాపారి ఏదో అనబోతే ఆవిడ పైనుంచే అంది: "చూడండి, బాగా చూడండి. నేను కట్టాను, తప్పు కట్టాను. మా కోడలు కట్టిందే రైటు."

ఆ మాట ఇంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందని ఆవిడే అనుకోలేదు. టైలు వానచినుకుల్లా రాలాయి.

"అక్కయ్యా," అన్నాడు తమ్ముడు కింద నిలబడి, మొదటిసారి జోకు లేని గొంతుతో. "మరి వేలాడుతుంది కదా."

"వేలాడుతుంది. ఎవరి చెయ్యీ అందనంత ఎత్తున కట్టాలి. నువ్వే కట్టు. నీకు నచ్చిన ఎత్తులో ఉంటేనే ఈ షాపులో ఉంటుంది."

అతను తన సగం చిటికెనవేలు ఒకసారి చూసుకున్నాడు. నిచ్చెన ఎక్కి దూలానికి రెండు కొక్కేలు బిగించాడు. ఎగిరి చెయ్యి చాపినా అందదని తేల్చుకున్నాకే కేబుల్ తగిలించాడు. ఏనుగు వెనక దిగేచోట గొట్టం తొడిగాడు. దిగివచ్చి, "ఇప్పుడు నాది పూచీ," అన్నాడు.

రెండో దిమ్మ. ఇది పోతే ఇక లేదు.

పెద్దావిడ బిగించింది. మీట దగ్గరికి వెళ్ళబోయి ఆగి, పక్కకి జరిగింది. "నువ్వు నొక్కు."

"నేనా? మిషను మీదా?"

"నువ్వు చేతులు వెనక్కి కట్టుకుని నడవడం చూడలేక చస్తున్నా. నొక్కు!"

కోడలు నొక్కింది.

స్పిండిల్ తిరిగింది. కట్టరు దిగింది. మోటారు దమ్ము పట్టింది. హుమ్. ఎర్రదీపం వెలగలేదు. తెరమీద వరసలు పారుతూనే ఉన్నాయి. మొదటి వంపు వచ్చింది. ఇందాక మచ్చ పడ్డ చోటు వచ్చింది, దాటింది. రెండో రెక్క మొదలైంది. ఏనుగు ఒక మాట వినడం, చెయ్యడం, మర్చిపోవడం, ఇంకో మాట వినడం. దాని మెడ ఇంత మెత్తగా తిరగగలదని ఇన్నేళ్ళలో దాన్ని లేపి నిలబెట్టిన మనిషికే తెలియదు. పెద్దావిడ కూలెంటు తుంపర మొహాన పడుతున్నా తుడుచుకోలేదు.

వ్యాపారి కుర్చీ కొంచెం కొంచెంగా ముందుకి జరుగుతూ వచ్చి, చివరికి మిషనుకే ఆనుకుంది. టీ వచ్చింది, చల్లారింది. బయట క్రేను డ్రైవరు ఇంజను ఆపేసి, లారీ నీడలో తువ్వాలు పరుచుకుని నిద్రపోయాడు. ఎండ గుమ్మంలోంచి లోపలికి పాకి, లేతు కాళ్ళదాకా వచ్చింది.

చివరి రెక్క పూర్తయింది. కట్టరు పైకి లేచింది. స్పిండిల్ నిదానంగా ఆగింది.

పెద్దావిడ నమూనాని గుడ్డతో తుడిచి అరచేతిలో పెట్టుకుంది. కళ్ళు మూసుకుని బొటనవేలితో ఒక్కో రెక్క వంపూ నిమిరింది. ఎక్కడా మెట్టు లేదు, గీత లేదు. తర్వాత గేజి పెట్టి కొలిచింది, అదీ బొటనవేలి మాటే చెప్పింది. గేజి బల్లమీద పెట్టి కొడుకు వైపు తిరిగింది.

"లారీకి దారి చూపించు."

కొడుకు నవ్వు ఆపుకోలేక తల్లి కాళ్ళ దగ్గరున్న తెగిన టైలు ఏరసాగాడు. "చూపిస్తానమ్మా. తిట్లు తినొస్తా."

తిట్లేవీ పడలేదు. వ్యాపారి లేచి, ఆ నమూనాని తిప్పి తిప్పి చూసి, గొంతు సవరించుకున్నాడు. "అమ్మగారూ, మా గోడౌనులో ఇలాంటి చీమబుర్ర మిషన్లు చాలా పడున్నాయి. కోడలుగారిని ఒక్క వారం పంపితే..."

"మా కోడల్నా?" పెద్దావిడ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏనుగునైనా అమ్ముతానేమోగానీ ఆ పిల్లని గడప దాటించను. మీ మిషన్లకి చెవులు కావాలంటే లారీలో వేసుకుని ఇక్కడికే తీసుకురండి. లారీ ఖాళీగానే ఉందిగా!"

తమ్ముడు లేతు మీద వాలిపోయి మరీ నవ్వాడు. కోడలు మొహం దాచుకోవడానికి టంకం పెట్టె మూత తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

*

కొన్నాళ్ళకి పంపుల కంపెనీ ఇంజనీరు వచ్చాడు. నమూనా నచ్చి, మిగతా పనులు ఎక్కడ జరుగుతాయో చూసుకుందామని. మిషన్లు చూశాడు, గోడవెంట గీత గీసినట్టున్న వైర్లు చూశాడు, మెచ్చుకున్నాడు. తర్వాత తలెత్తి దూలం వైపు చూసి ఆశ్చర్యపోయాడు.

"అమ్మగారూ, మీ షాపులో వేలాడే కేబులా! మరిచిపోయారా? మా ఎలక్ట్రీషియన్ని పంపిస్తా, ట్రేలో వేసి కట్టేస్తాడు."

"మీ ఎలక్ట్రీషియన్ని ఆ దూలం దరిదాపులకి రానివ్వను," అంది పెద్దావిడ. "అది మా కోడలు వేసింది. అలా వేలాడాలి కాబట్టే వేలాడుతోంది. ఎందుకో ఆమెనే అడగండి. అమ్మాయ్, ఇలా రా! ఆ బాజాల సంగతి సారుకి చెప్పు."

ఆ ఇంజనీరు వెళ్తూ వెళ్తూ తలుపు పక్కన బోర్డు చదివి నవ్వుకున్నాడు. 'ఈ షాపులో వేలాడేది ఏదీ ఉండకూడదు' అన్న పాత వరస కింద కొత్త రంగుతో ఇంకో వరస ఉంది. 'ఒక్కటి తప్ప.' అక్షరాల ఎత్తు పై వరసకి వెంట్రుకవాసి తేడా లేదు.

"అక్కయ్యా," అన్నాడు తమ్ముడు వెనకనుంచి, "డబ్బాలో రంగెలాగూ మిగిలుంది. నా తువ్వాలు కూడా కలిపేద్దూ."

"ఒక్కటంటే ఒక్కటే. జేబులో పెట్టు."